పెట్టెలోని కాగితం

చెర్రీపండు వాసనొచ్చే గులాబి రంగు బిళ్ళ.
నమిలితే సరిపాయ, నీళ్ళు గూడా వద్దు.
రాత్రి తొమ్మిదికి దలాల్ నోరు తెరుస్తాది
గువ్వపిల్ల మాదిరి.
నాలిక మింద పెట్టేది నా చెయ్యే.

జహ్రాలో దుమ్ము లేస్తే
ఎదురింటి మేడ ఉందో లేదో తెలీదు.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతా ఉంటా.
అయినా దూరతాది.
ఐదేండ్ల బిడ్డ రొమ్ములో
ఎవరో సన్నంగా ఈల వేస్తాంటారు రేయంతా.
అందుకే డాక్టరు ఈ బిళ్ళ రాసినాడు.
ఈల ఆగిపాయ. ఆ మాట ఒప్పుకోవాల.

పదో రాత్రి లేచి అరిచింది.
అరబ్బీలో కాదు, నా మాటలో:
"కుక్క! ఓబూ, కుక్క!"

నేను నేర్పిన మాటే.
పగటి పూట, బొమ్మల పుస్తకంలో,
తోకాడించే తెల్లకుక్కను చూపించి.
మామా తలుపు కాడ నిలబడి వినింది.
ఏమంటాంది అని అడిగింది.
"కల్బ్" అన్న్యా.
అప్పుడామె చూసిన చూపు
ఇస్త్రీపెట్టె. పెట్టింది పెట్టినట్టే, ఎత్తల్యా.

ఏం కతలు చెప్తాండావు నా బిడ్డకు?
చీకట్లో ఏం ఊదుతాండావు?
మణికట్టు మింది నల్లదారం కత్తెరేసింది.
నా సంచి నేల మింద బోర్లించింది.
కొబ్బరినూనె సీసా, పిన్నీసుల అట్ట,
రవ్వ పొట్లం.
దయ్యం యాడా దొరకల్యా.
పెద్దామె వచ్చి నీళ్ళ మింద ఓది
మూలమూలకూ చల్లిపోయింది.

ఆ రేయే దలాల్ నిద్రలో నడిచి
మెట్ల అంచుకు పోయింది.
గౌను పట్టి లాగితే నన్ను కొరికింది.
కండ్లు తెరిచే ఉండాయి,
వాటిల్లో నేను మాత్రం లేను.

పొద్దున నా చేతి మింద పండ్లగాటు చూసి
మామా ఏమీ అనల్యా.
తిట్టింటే బాగుండు.

ఖాళీ పెట్టె చెత్తలో వేస్తాంటే
మడతలు మడతలుగా ఒక కాగితం జారింది.
చీమలంత అక్షరాలు.
ఒక పక్క కుడి నుంచి, ఇంకో పక్క ఎడమ నుంచి,
నాకు మాత్రం రెండు పక్కలా గోడే.
జాకిట్లో దోపుకున్న్యా.

బకాలాలో హుసేన్‌పీరా ఉంటాడు.
మాది కోడూరు, ఆయప్పది రాయచోటి.
ఫోను కెమెరా దాని మింద పెట్టినాడు.
తెర మింద తెలుగు మొలిచింది
తాసిల్దారు నోటీసు మాదిరి, వంకరటింకరగా:
"చెడు స్వప్నములు సంభవించవచ్చును.
చిరాకు. నిద్రయందు నడచుట.
దూకుడు ప్రవర్తన. విచారము.
అట్లు జరిగినయెడల వైద్యునకు తెలుపుడు."

మళ్ళా చదువన్నా, అన్న్యా.
మూడుసార్లు చదివినాడు.
పెరుగు డబ్బాలు పట్టుకున్నోళ్ళు వెనక సణుగుతాండారు.
దయ్యానికి ఫ్యాక్టరీ ఉంది,
గడువు తేదీ గూడా ఉంది!
నవ్వొచ్చింది. ఆనక
ఫ్రిజ్జు తలుపుకు ఆనుకుని కొంచేపు ఏడ్చినా.

బిళ్ళ పెట్టే చెయ్యే
బిళ్ళ మింద చాడీ చెప్తే ఎవరు నమ్ముతారు?
పీరా అరబ్బీ వరస కింద పెన్నుతో గీత గీసిచ్చినాడు.
గావా తట్టలో, ఖర్జూరాల పక్కన,
కాగితం విప్పి పెట్టి
గమ్మున వంటింట్లోకొచ్చినా.

గిన్నె చప్పుడు లేదు. శానాసేపు లేదు.
తర్వాత కారు తాళాలు గలగలమన్యాయి.
తప్పయిందని మామా అనల్యా.
నేనూ ఎదురుచూల్ల్యా,
అంటే అబద్ధం. చూసినా, రెండు దినాలు.

ఇప్పుడు బిళ్ళ లేదు. నోట్లో పెట్టి పీల్చే గొట్టం.
దుమ్ము రేగిన రాత్రుల్లో
ఈల మళ్ళా వినపడతాది, దూరంగా.
దాన్ని లెక్కబెట్టుకుంటా పండుకుంటా.

నిన్న దీపం ఆర్పినంక
సగం అరబ్బీ, సగం నా మాట కలిపి
దలాల్ అడిగింది:
"ఓబూ, నా కలలో కుక్క
ఇప్పుడు యాడ పండుకుంటాది?"

కాగితమంతా వినింటి గదా,
అది యాడా రాసిల్లేదు.

"దానికి చలేస్తాదేమో" అనింది మళ్ళా.

కంబళి కొస
కొంచెం పక్కకు జరిపినా.